నడిమి గడప: జీవవైద్య పరిశోధనలో అర్హతాపరీక్ష

డాక్టరేటు పట్టమునకై విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థి చేరిన నాడే పరిశోధకుడు కాడు. సిద్ధాంతవ్యాసమును సమర్పించిన నాడు హఠాత్తుగా పరిశోధకుడగుటయు లేదు. ఈ రెండు దినముల నడుమ, సాధారణముగా మొదటి రెండు సంవత్సరములలో, ఒక గడప కలదు. దానిని దాటినవాడు ఒక సమస్యను స్వతంత్రముగా చేపట్టుటకు యోగ్యుడని ఆ సంస్థ నిర్ధారించును. దాటలేనివానికి మరియొక అవకాశమిచ్చును, లేదా గౌరవముగా వేరొక మార్గమును చూపును. అమెరికాలో దీనిని క్వాలిఫైయింగ్ పరీక్ష యందురు, మన ఐ.ఐ.టి.లలోను, బెంగుళూరి ఐ.ఐ.ఎస్.సి.లోను కాంప్రహెన్సివ్ అని వ్యవహరింతురు. ఏ శాస్త్రమునందైనను ఈ గడప ముఖ్యమైనదే కాని, రోగి రక్తముతోను, ప్రయోగశాలా జంతువు ప్రాణముతోను, ఒక గ్రామము యొక్క విశ్వాసముతోను పనిచేయవలసిన జీవవైద్య శాస్త్రములలో దీని గౌరవము మరింత హెచ్చు. సిద్ధము కాని పరిశోధకుడు అచ్చట వ్యర్థము చేయునది తన కాలము మాత్రమే కాదు.

ఈ పరీక్ష ఎట్లు పుట్టినది, ఎట్లు నడచుచున్నది, మన దేశమున ఏ రూపము దాల్చినది, ప్రధాన భూభాగమునకు దూరముగా బంగాళాఖాతమున నున్న అండమాన్ నికోబార్ దీవులవంటి చోట దాని స్వరూపమెట్లుండవలెను అను ప్రశ్నలను వరుసగా విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. దీవులను ఎన్నుకొనుటకు కారణము కలదు. గ్రంథములలో చదివిన జవాబు స్థలము మారగానే తప్పగుననుటకు అచ్చటి వ్యాధుల చరిత్రకన్న స్పష్టమైన నిదర్శనము మన దేశమున దొరకుట కష్టము. అర్హతాపరీక్ష పరీక్షింపవలసినది కూడ, నా దృష్టిలో, సరిగా అదియే: నేర్చిన జవాబు ఎచ్చట చెల్లును, ఎచ్చట చెల్లదు అని గుర్తింపగల వివేకము.

చరిత్రను సంగ్రహముగా చూతము. జర్మను విశ్వవిద్యాలయముల సంప్రదాయము ననుసరించి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయము 1861లో తొలి పిహెచ్.డి. పట్టముల నిచ్చినది, 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము పరిశోధనా విద్యను తన ప్రధాన ధర్మముగా స్వీకరించినది. బి.ఏ. చదివిన విద్యార్థిని తిన్నగా డాక్టరేటులో చేర్చుకొను ఆ దేశమున తరగతులకును సిద్ధాంతవ్యాసమునకును నడుమ ఒక పరీక్ష ఆవశ్యకమయ్యెను. ఇంగ్లండు మార్గము వేరు. ఆక్స్‌ఫర్డు 1917లో మాత్రమే ఈ పట్టమును ప్రవేశపెట్టినది. అచ్చట విద్యార్థి మొదట సామాన్య పరిశోధక విద్యార్థిగా చేరి, ఏడాది గడచిన పిమ్మట తన పనిని చూపి డాక్టరేటు స్థాయికి మారును. మన విశ్వవిద్యాలయములు చిరకాలము ఇంగ్లండు మార్గమునే అనుసరించినవి: గైడు, సినాప్సిస్, సిద్ధాంతవ్యాసము, చివర వైవా, నడుమ గడప యనదగినది చాలచోట్ల లేకుండెను. తరగతులు, అనగా కోర్స్‌వర్క్, తప్పనిసరి యగుట యు.జి.సి. 2009 నిబంధనలతో మాత్రమే దేశవ్యాప్తమైనది.

ఇక పరీక్షా విధానము. అమెరికా జీవవైద్య విభాగములలో పూర్వము రెండుమూడు దినములు కూర్చుండి వ్రాయు ప్రశ్నపత్రములు మెండు. నేడు ప్రబలముగా నున్న రూపము వేరు. విద్యార్థి ఒక పరిశోధనా ప్రతిపాదనను తానే రచించును. అది ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలకు పంపు ఫెలోషిప్ దరఖాస్తు ఆకారముననే యుండును: లక్ష్యములు ఒక పుట, పద్ధతి సుమారు ఆరు పుటలు. కొన్ని విభాగములు ప్రతిపాదన విద్యార్థి స్వంత పరిశోధనాంశముపై నుండవలెననును. మరికొన్ని, గైడు ఆలోచనలను ఎరువు తెచ్చుకొనకుండ, పూర్తిగా వేరొక విషయముపై నుండవలెనని పట్టుపట్టును. పిదప ముగ్గురు మొదలు అయిదుగురు వరకు ఆచార్యులు గల సమితి యెదుట విద్యార్థి నిలిచి దానిని సమర్థించుకొనవలెను. గైడు ఆ సమితిలో నుండడు, ఉన్నను మౌనముగా నుండును. ఫలితము నాలుగు విధములు: ఉత్తీర్ణత, కొన్ని లోపములు దిద్దుకొనవలెనను షరతుతో ఉత్తీర్ణత, కొన్ని మాసముల తరువాత పునఃపరీక్ష, మాస్టర్ పట్టముతో నిష్క్రమణము.

ఆ గదిలో జరుగునది బయటివారికి అంతగా తెలియదు. మొదటి పది నిమిషములు విద్యార్థి చెప్పును, సమితి వినును. పిదప ఒక ఆచార్యుడు మొదటి లక్ష్యమునొద్ద ఆపి, "ఈ ప్రయోగము నీవు కోరిన ఫలితము నీయనిచో ఏమి తెలియును?" అని యడుగును. రెండవవాడు బల్లపై నల్లని గీతలతో ఒక ప్రోటీను మార్గమును గీయుమనును. మూడవవాడు నియంత్రణ వర్గము ఏది, ఎందరు రోగులు కావలెను, ఆ సంఖ్య ఎచ్చటినుండి వచ్చెను అని పట్టుకొనును. ప్రశ్నలు క్రమముగా లోతునకు పోయి, విద్యార్థి జ్ఞానము ముగియు అంచుదాక చేరును. ఈ ఘట్టమును పలువురు విద్యార్థులు అవమానముగా భావింతురు, అది పొరపాటు. తెలిసినది చెప్పుట విద్యార్థి ధర్మము. తెలియనిదానిని గుర్తించి, దానిని తెలిసికొనుటకు మరునాడు ఏ ప్రయోగము మొదలిడవలెనో చెప్పగలుగుట పరిశోధకుని ధర్మము. సమితి ఆ అంచువరకు తీసికొనిపోవునది ఈ రెండవ ధర్మము అతనియందు మేల్కొనెనా లేదా చూచుటకే.

మన దేశమున ఈ ఒక్క గడప అనేక చిన్న మెట్లుగా చీలిపోయినది. మొదటిది ప్రవేశమునకు పూర్వమే యుండును. సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ జీవశాస్త్ర పత్రమున మూడు గంటలలో 145 ప్రశ్నలనుండి 75 ఎన్నుకొని 200 మార్కులకు సమాధానములు గుర్తింపవలెను. తప్పునకు మార్కులు తగ్గును. 2024 జూనునుండి నెట్ మార్కులను పిహెచ్.డి. ప్రవేశమునకును వాడుకొనుటకు యు.జి.సి. వీలు కల్పించినది. రెండవ మెట్టు కోర్స్‌వర్క్: 2022 నవంబరు నిబంధనల ప్రకారము కనీసము 12 క్రెడిట్లు, వానిలో పరిశోధనా నైతికత ఒక పాఠ్యాంశము, కొనసాగుటకు 55 శాతము మార్కులు. మూడవది రిసెర్చి అడ్వైజరీ కమిటీ: ప్రతిపాదనను పరిశీలించి అంశమును ఖరారు చేయుట, ప్రతి సెమిస్టరునకు విద్యార్థి పురోగతిని వినుట, అసంతృప్తికరమైనచో కారణములు వ్రాసి దిద్దుబాట్లు సూచించుట, అవియు జరుగనిచో రిజిస్ట్రేషన్ రద్దునకు సిఫారసు చేయుట ఈ సమితి పనులు. నాలుగవది రెండేండ్ల తరువాత జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ (జె.ఆర్.ఎఫ్.) నుండి సీనియర్ రిసెర్చి ఫెలోషిప్ (ఎస్.ఆర్.ఎఫ్.)నకు మారు సందర్భమున బయటి నిపుణునితో కూడిన సమితి చేయు మదింపు. 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయల భత్యము దీనితో 42,000 అగును.

ఈ మెట్లన్నియు వేర్వేరుగా మంచివే. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క గుణమును మాత్రమే చూచుచున్నది. నెట్ జ్ఞాపకమును, వేగమును చూచును, కోర్స్‌వర్క్ శ్రద్ధను చూచును, సలహా సమితి పురోగతిని చూచును, ఎస్.ఆర్.ఎఫ్. మదింపు భత్యమునకు సంబంధించిన కార్యముగా ముగియుట కద్దు. విద్యార్థి మొత్తము వ్యక్తిత్వమును, అనగా పఠనమును, తర్కమును, పద్ధతిని, నైతిక వివేకమును ఒకేచోట ఒకేనాడు కలిపి తూచు సందర్భము మాత్రము తప్పిపోవుచున్నది. ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎస్.సి. వంటి సంస్థలు కాంప్రహెన్సివ్ రూపమున ఈ కొరతను పూరించుకొన్నవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలలకు పట్టములిచ్చు ఎసిఎస్ఐఆర్ అకాడమీ తరగతులతోపాటు సమాజోపయోగియైన ఒక ప్రాజెక్టును కూడ విద్యార్థిచేత చేయించుచున్నది. సామాన్య విశ్వవిద్యాలయములలోను, దూరప్రాంత కేంద్రములలోను ఈ కొరత ఇంకను అట్లే యున్నది.

దీవులలో జీవవైద్య పరిశోధనకు ప్రధాన స్థానము పోర్టుబ్లెయిరులోని ఐ.సి.ఎమ్.ఆర్. ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రము. ఈ నగరమునకు 2024 సెప్టెంబరునుండి శ్రీవిజయపురమని పేరు. 1983లో స్థాపితమైన ఈ కేంద్రము లెప్టోస్పైరోసిస్ వ్యాధికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రముగా గుర్తింపు పొందినది. దీనికి తోడు పుదుచ్చేరి విశ్వవిద్యాలయపు పోర్టుబ్లెయిరు ప్రాంగణమున సముద్ర జీవశాస్త్ర విభాగము కలదు. 2015లో ప్రారంభమైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థ ఆ విశ్వవిద్యాలయమునకే అనుబంధము. 2011 జనగణనలో దీవుల జనాభాలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు; ఉత్తరాంధ్ర తీరమునుండి తరలివచ్చిన కుటుంబములు వీరిలో మెండు. కనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

బోదకాలు వ్యాధినే తీసికొందము. కోస్తా ఆంధ్రమున ఆరోగ్య కార్యకర్తలు రాత్రి ఎనిమిదిన్నర దాటినపిమ్మట ఇంటింటికి పోయి వ్రేలికొననుండి రక్తపుచుక్కను తీయుదురు. ఏలయన అచ్చటి ఫైలేరియా సూక్ష్మక్రిములు పగలు లోపలి అవయవములలో దాగి, రాత్రివేళ క్యూలెక్స్ దోమ కుట్టు సమయమునకు చర్మపు రక్తనాళములలోనికి వచ్చును. ఏ పాఠ్యగ్రంథము తెరచినను ఇదియే కనబడును. నికోబారు దీవులలోని నాన్‌కౌరీ సమూహమున ఉన్నది అదే జాతి క్రిమి, వుచెరేరియా బాంక్రాఫ్టీ. కాని అచ్చట అది పగటివేళనే రక్తమున హెచ్చుగా కనబడును. అడవిచెట్ల తొఱ్ఱలలో నిలిచిన నీటిలో పుట్టి పగలు కుట్టు వేరొక దోమ అచ్చట దానిని మోయుచున్నది. రాత్రి రక్తపరీక్షయే సరియని కంఠస్థము చేసిన విద్యార్థికి నెట్ పత్రమున పూర్తి మార్కులు రావచ్చును. నాన్‌కౌరీలో అతడు దోమ పడకగదిలో నున్నదనుకొని దోమతెర పంచును, క్రిములు లోపల దాగిన వేళ సూది గ్రుచ్చును, రోగము లెక్కకు తక్కువగా తేలును. "రక్తము ఎప్పుడు తీయుదువు?" అను మూడు మాటల ప్రశ్నకు "దోమ ఏదియో మొదట తెలిసికొందును" అని చెప్పినవాడే అచ్చట యోగ్యుడు.

ఈ వ్యాధి మందు చరిత్రయే పరీక్షాధికారులకు ఒక పాఠము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్య బ్రాడ్‌ఫీల్డు ఆగ్రహమునకు గురియైరని, లిఖిత పరీక్షలలో సమర్థతను చూపియు ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరని వారి జీవితకథ చెప్పుచున్నది. ఆయనయే 1923లో బోస్టను చేరి, సహపరిశోధకుడైన ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని, ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకమునకు తెలిపి, 1930లో హార్వర్డు డాక్టరేటు పొందెను. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో వెలువడిన డైఇథైల్‌కార్బమజీన్ 1947నుండి బోదకాలునకు ఔషధమైనది. ఆ మందు కలిపిన ఉప్పునే పోర్టుబ్లెయిరు పరిశోధకులు నాన్‌కౌరీలో పంచి వ్యాధి నిర్మూలనకు ప్రయత్నించిరి. ఒక పరీక్షకుని వ్యక్తిగత అభిప్రాయము విద్యార్థి యోగ్యతపై తీర్పుగా మారకూడదు. సమితిలో ఒక్కరు కాక పలువురుండుట, తీర్పునకు కారణములు వ్రాతపూర్వకముగా నుండుట, పునఃపరీక్షకు అవకాశముండుట అను నియమములు ఈ ప్రమాదమునకే ఆనకట్టలు.

రెండవ ఉదాహరణము మరింత గంభీరమైనది. 1980ల చివరినుండి ఉత్తర అండమానులోని దిగ్లీపూర్ ప్రాంతమున వర్షములు వెనుకపట్టు పట్టు కాలమున రైతులకు తీవ్రజ్వరము వచ్చి, ఊపిరితిత్తులలో రక్తస్రావమై, కొందరు మరణించుచుండిరి. కారణము తెలియక దానికి అండమాన్ రక్తస్రావ జ్వరమని పేరు పెట్టిరి. ఎలుకల మూత్రముతో కలుషితమైన నీటిద్వారా, బురదద్వారా సోకు లెప్టోస్పైరా సూక్ష్మజీవియే దీనికి మూలమని 1990లలో తేలినది. విశేషమేమనగా, టేలరు, గోయల్ అను ఇరువురు పరిశోధకులు 1931లోనే అండమానులోని లెప్టోస్పైరోసిస్‌ను గూర్చి సమగ్రమైన గ్రంథము ప్రకటించియుండిరి. ఆ జ్ఞానము పుటలలో నుండియు అరువదేండ్లు మరుగుపడెను. అర్హతాపరీక్షలో పూర్వగ్రంథ పరిశీలనకు పెద్ద పీట వేయుట ఆచారముకొరకు కాదు, "నీ ప్రాంతమున ఈ వ్యాధిని నీకు ముందు ఎవరు చూచిరి?" అను ప్రశ్న ప్రాణములతో సంబంధించినదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

అదే వ్యాధిలో ఇంకొక సూక్ష్మము కలదు. లెప్టోస్పైరోసిస్ నిర్ధారణకు రోగి రక్తరసమును పలుచన చేసికొనుచు పోయి, సజీవ సూక్ష్మజీవులతో కలిపి, చీకటి నేపథ్యముగల సూక్ష్మదర్శినిలో అవి గుంపులుగా అంటుకొనుచున్నవో లేదో చూతురు. దీనిని మ్యాట్ పరీక్ష యందురు. ఏ పలుచన వరకు అంటుకొనునో అది టైటరు. తడిపొలములలో పనిచేయు దీవివాసులలో చాలమందికి పూర్వపు సోకుడువలన ఆరోగ్యముగా నున్నప్పుడే ప్రతిరక్షకములు ఉండును. అట్లగుటచే ఒక్క నమూనాలో కనబడిన టైటరు నేటి జ్వరమునకు సాక్ష్యము కానేరదు. రెండు వారముల యెడముతో రెండు నమూనాలు తీసి, రెండవదానిలో టైటరు నాలుగింతలు పెరిగినదని చూపవలెను. కాని రెండవ నమూనా కొరకు రోగి దూరపు గ్రామమునుండి మరల రావలెను, లేదా పరిశోధకుడు పడవ యెక్కి పోవలెను. రోగి రానిచో నీ అధ్యయనమేమగును? కోల్పోయిన రోగులు వచ్చినవారివంటివారేనా? శాస్త్రమును, భూగోళమును, మానవ స్వభావమును కలిపి ఆలోచింపజేయు ఇట్టి ప్రశ్నకు నాలుగు వికల్పములలో ఒకదానిని గుర్తించు పరీక్షయందు చోటు లేదు.

మూడవ అంశము నైతికత. దీవులలోని ఆదిమజనులను 1956 రక్షణ నిబంధన కాపాడుచున్నది. వారి ప్రాంతములకు అనుమతిలేక పోరాదు. 2011 జనగణన ప్రకారము ఓంగీలు 101 మంది, గ్రేట్ అండమానీయులు 44 మంది. సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు 2005లో ఈ రెండు జనముల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను పరిశీలించి, ఆఫ్రికానుండి మానవులు వెలువడిన అతిప్రాచీన వలసకు వీరు వారసులని ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధమైనది. అట్టి పరిశోధన విలువ ఎంత హెచ్చో, అడుగవలసిన ప్రశ్నలు అంత కఠినములు. నలువదినలుగురిలో ఒకని వయస్సును, లింగమును, వ్యాధిని పట్టికలో అచ్చువేసినచో, పేరు తీసివేసినను అతడెవ్వరో దాగునా? సమ్మతి పత్రముపై వ్రేలిముద్ర వేసినవానికి తన రక్తము ఏ శీతలపేటికలో ఎన్నాళ్లుండునో ఎవరు చెప్పిరి? ఐ.సి.ఎమ్.ఆర్. 2017 నైతిక మార్గదర్శకములు బలహీన వర్గములకు ప్రత్యేక రక్షణను విధించుచున్నవి. ఆ విధులను అప్పజెప్పినట్లు చెప్పుట కోర్స్‌వర్క్ పరీక్షకు చాలును; తన ప్రతిపాదనలో అవి ఎచ్చట తన చేతిని పట్టి ఆపుచున్నవో చూపుట అర్హతాపరీక్షకు కావలెను.

దీవులలో ఈ పరీక్షను నడుపుటకు కష్టములు లేకపోలేదు. పోర్టుబ్లెయిరునుండి చెన్నపట్టణమునకును విశాఖకును దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడకు రెండుమూడు దినములు పట్టును. నిపుణులు కొలదిమంది, గైడు, శాఖాధిపతి, సమితి సభ్యులు ఒకే భవనమున నిత్యము కలసి పనిచేయువారైనపుడు నిష్పక్షపాతమైన ప్రశ్న అడుగుట ఎంతటి సజ్జనునికైనను సంకటమే. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భమున వేసిన ఆప్టికల్ ఫైబరు కేబులు ప్రారంభమైనపిమ్మట, హైదరాబాదులోనో వెల్లూరులోనో ఉన్న నిపుణుడు తెరపై సమితిలో కూర్చుండుట సులభమైనది. ఈ సదుపాయమును పూర్ణముగా వాడుకొనవలెను. భాష మరియొక సమస్య. తెలుగుననో బెంగాలీననో తమిళముననో పాఠశాల చదువు చదివిన దీవుల విద్యార్థి ఆంగ్లమున తడబడినపుడు, తడబాటు నాలుకదా, ఆలోచనదా అని వేరుపరచి చూచుట పరీక్షకుని బాధ్యత. బల్లపై బొమ్మ గీచి చెప్పుమనుట, ప్రశ్నను మరొక విధమున అడుగుట, జవాబుకు కొంత వ్యవధి నిచ్చుట ఇందులకు చాలు.

కొందరు పెద్దలు ఆక్షేపింతురు: ఇప్పటికే ప్రవేశపరీక్ష, కోర్స్‌వర్క్, అర్ధసంవత్సర సమీక్షలు ఉండగా మరియొక పరీక్ష విద్యార్థి నెత్తిన బరువు కాదా? భత్యము అయిదేండ్లకే పరిమితమైనపుడు సిద్ధతకై మూడుమాసములు పోగొట్టుట న్యాయమా? ఈ మాటలో సత్యము కలదు. పరీక్ష భయమువలన నిద్ర మాని క్షోభపడిన యువకులను ఏ సంస్థలోనైనను చూడవచ్చును. కాని నేను కోరునది మెట్లసంఖ్యను పెంచుట కాదు, ఉన్నవానిని కూర్చుట. రెండవ సంవత్సరాంతమున ఎలాగును ప్రతిపాదన సమితి కూడును, ఎలాగును ఎస్.ఆర్.ఎఫ్. మదింపు జరుగును, ఆ రెండింటిని ఒకే సభగా చేసి, బయటి నిపుణుని చేర్చి, విద్యార్థి స్వయముగా వ్రాసిన ఆరేడు పుటల ప్రతిపాదనను ఆధారముగా తీసికొని, రెండు గంటలు ప్రశ్నించి, కారణములతో కూడిన తీర్పును అతని చేతికిచ్చినచో, అదనపు భారము లేకయే అర్హతాపరీక్ష సిద్ధించును. సిద్ధతకై గడచు మాసములు పోగొట్టినవి కావు. ఆ ప్రతిపాదనయే సిద్ధాంతవ్యాసమునకు మొదటి అధ్యాయమగును. పరీక్షకు పూర్వము తోటి పరిశోధకులే సమితిగా కూర్చుండి ఒకసారి అభ్యాస పరీక్ష నడుపు ఆచారము భయమును చాలవరకు తగ్గించును. దీనికి ప్రభుత్వపు అనుమతి యక్కరలేదు, నాలుగు కుర్చీలు చాలును.

తప్పినవానిని గూర్చి రెండు మాటలు. మన సమాజమున పిహెచ్.డి. నడుమ మానినవానిని విఫలుడని చూచు దురాచారమున్నది. రెండేండ్లలో స్పష్టముగా "ఇది నీ మార్గము కాదు" అని చెప్పి, చేసిన పనికి యోగ్యమైన పత్రమునిచ్చి పంపుట, ఎనిమిదేండ్లు ఆశపెట్టి వట్టిచేతులతో పంపుటకన్న ఎన్నియో రెట్లు దయగలది. ప్రయోగశాలలకు నిపుణులైన సాంకేతికులు కావలెను, ఆరోగ్యశాఖకు క్షేత్రాధికారులు కావలెను, పాఠశాలలకు శాస్త్రము తెలిసిన ఉపాధ్యాయులు కావలెను. సకాలమున చెప్పిన నిజము ఆ యువకునికి ఈ ద్వారములను తెరచును.

దీవుల వైద్యసమస్యలు దీవులవారు, దీవులను ఎరిగినవారు పరిశోధింపవలసినవి. వారి శిక్షణ మొక్కుబడి కాకుండవలెనన్నచో, పరిశోధకుడు క్షేత్రమున అడుగిడుటకు పూర్వము అతని ప్రశ్నను, పఠనమును, పద్ధతిని, మనస్సాక్షిని ఒక్కసారి నిండుగా పరీక్షించు నియమము అక్కడి ప్రతి సంస్థలోను నెలకొనవలెను. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము, ఐ.సి.ఎమ్.ఆర్. కలిసి దీనికొక ఉమ్మడి విధానమును వ్రాసికొనుట అసాధ్యమేమియు కాదు. నిబంధనలు ఇచ్చిన స్వేచ్ఛలోనే ఆ పని చేయవచ్చును. రాబోవు తరమునుండి నాన్‌కౌరీకో దిగ్లీపూరుకో పోవు పరిశోధకుడు రోగి చేతినుండి రక్తము తీయునపుడు, ఆ చుక్క ఎందుకు కావలెనో, ఎప్పుడు తీయవలెనో, దానినుండి ఏమి తెలియదో కూడ ఎరిగినవాడై యుండుట ఆ రోగికి మనము చెల్లింపవలసిన కనీస ఋణము.